ఐఎస్‌డీఎన్ లైన్‌లో రెండు ఛానెళ్ళూ కలిపి 128 రాబట్టడం ఎలా?

"ఏమండీ, లైన్ ఇచ్చేటప్పుడు 128 అన్నారు. నాకేమో 64 దాటట్లేదు. మోసం చేశారంటారా?"

ఐఎస్‌డీఎన్ (మామూలు ఫోన్ తీగ మీదే మాటనీ డేటానీ డిజిటల్‌గా పంపే లైన్) పెట్టించుకున్నవాళ్ళలో ఈ మాట పాలకొల్లు నుంచి ఒకరు, రాజోలు నుంచి ఒకరు, నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఆఫీసు నుంచి ఒకరు అడిగారు. అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్న మారట్లేదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పని అయిపోతుందని కూర్చున్నాను. ఇదంతా డయలప్ నెట్, విండోస్ 98, 2000, ఎక్స్‌పీ వాడుకలో ఉన్న రోజుల సంగతి.

మోసం ఏమీ లేదండి. మీ లైన్ 128 కేబీపీఎస్ (సెకనుకి 128 వేల బిట్లు) ఇవ్వగలదు. కానీ దానంతటది ఇవ్వదు. మనం అడగాలి, అవతలివాళ్ళు ఒప్పుకోవాలి.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. బేసిక్ రేట్ లైన్‌లో రెండు బి ఛానెళ్ళు ఉంటాయి, ఒక్కోటి 64 కేబీపీఎస్. ఇంకోటి డి ఛానెల్, 16 కేబీపీఎస్. కాల్ ఎవరికి కలపాలి, ఎప్పుడు తెంపాలి అనే సంకేతాలు దాని మీద నడుస్తాయి. మీరు నెట్‌కి డయల్ చేసినప్పుడు ఒక బి ఛానెల్ మీద ఒక కాల్ వెళ్తుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. దాని మీద కూడా ఇంకో కాల్ చేసి, ఆ రెండిటినీ ఒకే కనెక్షన్‌గా పేనాలి. దీన్నే మల్టీలింక్ పీపీపీ అంటారు (పీపీపీ అంటే డయల్ చేసిన కాల్ మీద నెట్ నడిపే పద్ధతి). ప్యాకెట్లను ముక్కలు చేసి, వరస నంబర్లు వేసి రెండు కాల్స్ మీదా పంపుతుంది. అవతల ఆ నంబర్ల ప్రకారం మళ్ళీ అతుకుతారు.

కోనసీమలో పీచు తాడు పేనడం చూడనివాళ్ళు ఉండరు. ఇటు రాట్నం తిప్పేవాడు ఒక్కడే ఉంటే తాడు అవదు, అటు కొస పట్టుకునేవాడు కూడా ఉండాలి. ఇక్కడ అటు కొస మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ సర్వర్. నాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం, అటు ఎవరైనా పట్టుకున్నారో లేదో చూడకుండా ఇటు రాట్నం తిప్పుతున్నవాళ్ళవే.

అసలు మీకు 128 కావాలా?

రెండు ఛానెళ్ళు అంటే రెండు కాల్స్. ఎక్స్ఛేంజీలో మీటరు రెండు కాల్స్‌కీ తిరుగుతుంది. కాబట్టి రోజుకి నాలుగు మెయిల్స్ చూసుకునే ఇంట్లో ఇది దండగ. కువైట్‌లో ఉన్న అబ్బాయితో వాయిస్ ఛాట్ చేసుకోవడానికి కూడా ఒక్క ఛానెల్ చాలు. ఆ మాట తెగిపోతోందంటే తప్పు వేరే చోట ఉంది.

కావలసినవాళ్ళు ఎవరంటే, నాలుగైదు సిస్టమ్స్ పెట్టుకున్న నెట్ సెంటర్లు, పెద్ద ఫైళ్ళు బయటికి పంపేవాళ్ళు. లేసు డిజైన్లు స్కాన్ చేసి విదేశీ బయ్యర్లకి పంపే ఆఫీసులకి ఇది నిజంగా పనికొస్తుంది. మామూలు 56 కే మోడెమ్ దిగుమతిలో (డౌన్‌లోడ్) 56 అని పేరే గానీ ఎగుమతిలో (అప్‌లోడ్) సాధారణంగా 33.6 దాటదు. ఐఎస్‌డీఎన్‌లో అటూ ఇటూ 64. అంటే ఒక్క ఛానెల్‌తోనే మీ స్కానింగులు దాదాపు రెట్టింపు జోరుగా వెళ్తాయి, రెండు కలిపితే నాలుగింతలకి దగ్గర పడతాయి.

కావలసినవి

- పనిచేస్తున్న ఐఎస్‌డీఎన్ బేసిక్ రేట్ లైన్, దానితో వచ్చే గోడ పెట్టె (ఎన్‌టీ1).
- కంప్యూటర్ లోపల పెట్టే ఐఎస్‌డీఎన్ కార్డు గానీ, బయట ఉండే టెర్మినల్ అడాప్టర్ గానీ, ఐఎస్‌డీఎన్ రౌటర్ గానీ. మూడిట్లో ఏదో ఒకటి చాలు. కొత్తగా కొంటుంటే అడాప్టర్ యూఎస్‌బీది తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను.
- విండోస్ 98, 2000 లేదా ఎక్స్‌పీ.
- రెండు లాగిన్‌లు ఒకేసారి ఒప్పుకునే ఇంటర్నెట్ అకౌంట్.
- గోడ పెట్టెకి కూడా సరిపోయే యూపీఎస్. కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి ఎన్‌టీ1ని గోడ ప్లగ్గులో వదిలేస్తారు చాలామంది. కరెంటు పోతే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ పోతుంది.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, అవసరం పడుతుంది.

1. ముందు ఫోన్ చేయండి, తర్వాతే మౌస్ పట్టుకోండి

మీ ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి ఈ నాలుగూ అడిగి జవాబులు కాగితం మీద రాసుకోండి.

మీ సర్వర్‌లో మల్టీలింక్ ఆన్‌లో ఉందా? నా అకౌంట్‌కి ఒకేసారి రెండు కాల్స్ అనుమతి ఉందా? డిజిటల్ కాల్స్‌కి వేరే డయల్ నంబర్ ఉందా? రెండు ఛానెళ్ళు వాడితే నా అకౌంట్‌లో గంటలు రెట్టింపు తగ్గుతాయా?

ఫోన్ ఎత్తే కుర్రాడు అన్నిటికీ "ఉందండీ" అంటాడు, వాడి తప్పు కాదు. టెక్నికల్ వాళ్ళకి కలపమనండి. ముఖ్యంగా రెండో ప్రశ్న. మల్టీలింక్ ఉండి కూడా, మీ అకౌంట్‌కి ఒక్క లాగిన్ పరిమితి పెట్టి ఉంటే రెండో కాల్‌ని తోసేస్తారు. దొంగతనంగా ఒకే పాస్‌వర్డ్ నలుగురు వాడకుండా పెట్టే తాళం అది. మీ విషయంలో దాన్ని రెండుకి మార్చమని అడగాలి.

మల్టీలింక్ లేదంటే ఇక్కడితో ఆగిపోండి. కంపెనీ మారాలి లేదా 64తో సరిపెట్టుకోవాలి. మీవైపు ఎన్ని గీతలు గీసినా లాభం లేదు.

2. గోడ పెట్టె దగ్గర

ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే జంట తీగ ఎన్‌టీ1 దాకా వస్తుంది. అక్కడి నుంచి మీ కార్డుకి వెళ్ళేది నాలుగు తీగల కేబుల్, ఎనిమిది పిన్నుల ప్లగ్గుతో. చిన్న టెలిఫోన్ ప్లగ్గు కూడా ఆ పెద్ద రంధ్రంలో దూరిపోతుంది. దూరింది కదా అని సరైనది అనుకోకండి. పాత మోడెమ్ తీగని అందులో పెట్టి "డయల్‌టోన్ రాలేదు" అని వారం రోజులు తిరిగినాయన ఒకరు ఉన్నారు.

కొన్ని ఎన్‌టీ1 పెట్టెలకి మామూలు ఫోన్లు పెట్టుకునే రెండు రంధ్రాలు కూడా ఉంటాయి. వాటిలో పెట్టిన ఫోన్ ఎవరు ఎత్తినా ఒక బి ఛానెల్ దానికి పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కార్డుకీ పెట్టెకీ మధ్య మీరే పొడుగు కేబుల్ లాగించి, దారిలో రెండు మూడు సాకెట్లు పెట్టుకుంటే, చివరి సాకెట్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి, ఒక్కో జంట తీగకి ఒకటి. ఒక్క కంప్యూటర్‌ని దగ్గరగా తగిలించుకునేవాళ్ళకి సాధారణంగా దీని బెడద ఉండదు.

3. కార్డు పెట్టేటప్పుడు అడిగే ప్రశ్నలు

డ్రైవర్ వేసేటప్పుడు "స్విచ్ టైప్ ఏమిటి?" అని అడుగుతుంది. మనకి యూరోపియన్ ఐఎస్‌డీఎన్, అంటే డీఎస్ఎస్1. అమెరికా పద్ధతి ఎంచుకుంటే స్పిడ్ (SPID, అక్కడ లైన్‌ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబర్) ఇమ్మని పట్టుకుంటుంది. ఆ నంబర్ మన దేశంలో ఉండదు. ఎక్స్ఛేంజీ చుట్టూ దాని కోసం తిరగకండి, వెనక్కి వెళ్ళి స్విచ్ టైప్ మార్చండి.

తర్వాత ఎంఎస్ఎన్ అడుగుతుంది. అది మీ లైన్ నంబరే. బయటికి డయల్ చేయడానికి మాత్రమే అయితే ఖాళీగా వదిలినా చాలాసార్లు నడుస్తుంది.

4. మొదట ఒక్క ఛానెల్‌తో

ఈ మెట్టు ఎగరగొట్టకండి. ఒకటి సరిగ్గా నడవకుండా రెండోది కలిపితే తప్పు ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

డయలప్ కనెక్షన్ తయారుచేసి, ఒక్క ఐఎస్‌డీఎన్ ఛానెల్‌నే ఎంచుకోండి. లైన్ రకం అడిగిన చోట 64 కే డిజిటల్ అని పెట్టండి. 56 కే అని ఉంటే అది అమెరికా పాత లైన్ల కోసం. వాయిస్ అని ఉంటే కాల్ కలుస్తుంది గానీ అటు మోడెమ్ కోసం ఎదురుచూస్తారు, ఇటు డేటా పోదు. అడాప్టర్ల సెట్టింగుల్లో వీ.120 అని కనిపిస్తే దాన్ని కాదని సింక్రనస్ పీపీపీ ఎంచుకోండి.

డయల్ నొక్కండి. మోడెమ్‌లా కూత, గీత ఏమీ వినపడవు. రెండు మూడు సెకన్లలో కలిసిపోవాలి. స్టేటస్‌లో 64 కనిపించాలి. ఒక మెగాబైట్ జిప్ ఫైల్ ఏదైనా దించి టైమ్ చూసుకోండి. సుమారు రెండు నిమిషాల పావు పట్టాలి. ఆ టైమ్ కాగితం మీద రాయండి.

5. ఇప్పుడు రెండోది

విండోస్ 98లో: కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో మల్టీలింక్ ట్యాబ్. "యూజ్ అడిషనల్ డివైసెస్" ఎంచుకుని యాడ్ నొక్కితే రెండో ఛానెల్ పేరు జాబితాలో వస్తుంది. నంబర్ అదే ఇవ్వండి, కంపెనీవాళ్ళు వేరేది చెప్తే తప్ప.

విండోస్ 2000, ఎక్స్‌పీలో: కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ కనెక్షన్స్ (2000లో "నెట్‌వర్క్ అండ్ డయలప్ కనెక్షన్స్"), మీ కనెక్షన్ ప్రాపర్టీస్. జనరల్ ట్యాబ్‌లో రెండు ఛానెళ్ళ పక్కనా టిక్ పెట్టండి. కింద "ఆల్ డివైసెస్ కాల్ ది సేమ్ నంబర్స్" అన్నదానికీ టిక్ పెట్టండి. తర్వాత ఆప్షన్స్ ట్యాబ్‌లో మల్టిపుల్ డివైసెస్ దగ్గర "డయల్ ఆల్ డివైసెస్" ఎంచుకోండి. ప్రస్తుతానికి అదే. మిగతా తెలివితేటలు ఆరో మెట్టులో.

టెర్మినల్ అడాప్టర్‌తో: చాలా అడాప్టర్లు పేనే పని తామే చేసుకుంటాయి. విండోస్‌కి ఒక్క మోడెమ్‌లా కనిపిస్తాయి. అలాంటప్పుడు అడాప్టర్ సెట్టింగుల్లో మల్టీలింక్ ఆన్ చేయాలి, విండోస్‌లో మల్టీలింక్ ముట్టుకోకూడదు. రెండు చోట్లా ఆన్ చేస్తే రెండూ కొట్టుకుంటాయి. రెండో నంబర్ ఎలా ఇవ్వాలో మోడల్‌ని బట్టి మారుతుంది. దాని పుస్తకం పారేసి ఉంటే బుట్టలోంచి వెతికి తీయండి.

రౌటర్‌తో: సెట్టింగుల పేజీలో మల్టీలింక్ ఆన్, గరిష్ఠ ఛానెళ్ళు 2. మీ నెట్ సెంటర్‌కి ఇదే హాయి, ఒక కంప్యూటర్ హ్యాంగ్ అయితే అందరి నెట్టూ పోదు. కానీ రౌటర్ పెట్టేవాళ్ళు కింద నా బిల్లు కథ చదవకుండా పడుకోవద్దు.

6. కావలసినప్పుడే రెండోది కలిసేలా

విండోస్ 2000, ఎక్స్‌పీలో "డయల్ డివైసెస్ ఓన్లీ యాజ్ నీడెడ్" అనే సదుపాయం ఉంది. మొదటి ఛానెల్ 75 శాతం నిండి రెండు నిమిషాల పాటు అలాగే ఉంటే రెండోది కలుస్తుంది. వాడకం 10 శాతానికి పడిపోయి రెండు నిమిషాలు గడిస్తే తెగుతుంది. అది విండోస్‌తో పాటే వచ్చే సెట్టింగ్, పక్కన కాన్ఫిగర్ నొక్కి మార్చుకోవచ్చు.

ఆఫీసుకి అది బాగానే ఉంటుంది. నెట్ సెంటర్‌కి రెండు నిమిషాలు ఎక్కువ. కుర్రాడు కూర్చుని పేజీ రాలేదని లేచిపోవడానికి ఆ మాత్రం చాలు. నేను కలపడానికి అర నిమిషం, తెంపడానికి మూడు నిమిషాలు పెట్టాను. తెంపే టైమ్ మరీ తగ్గిస్తే రెండోది కలుస్తూ తెగుతూ ఉంటుంది, ప్రతి కలయికా మీటర్‌లో ఒక కొత్త కాల్. ఇక్కడ పొదుపు చేయబోతే ఖర్చే పెరుగుతుంది.

7. నిజంగా కలిసిందా? చూసుకోవడం

మొదట స్టేటస్ చూడండి. ఎక్స్‌పీలో గడియారం పక్కన బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే స్పీడ్ 128 అని ఉండాలి. డీటెయిల్స్ ట్యాబ్‌లో "పీపీపీ మల్టీలింక్ ఫ్రేమింగ్" పక్కన ఆన్ అని ఉండాలి. విండోస్ 98లో డీటెయిల్స్ నొక్కితే రెండు ఛానెళ్ళూ వరసగా కనిపిస్తాయి. వాటి పక్కన సస్పెండ్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఒకటి తెగి, రిజ్యూమ్ నొక్కితే మళ్ళీ కలుస్తుంది. 98లో నాకు బాగా నచ్చింది ఇదొక్కటే.

స్టేటస్ చెప్పిందే నమ్మి లేవకండి. ఇందాకటి జిప్ ఫైల్‌ని మళ్ళీ దించండి. రెండు నిమిషాల పావు పట్టింది ఇప్పుడు నిమిషం పది, పదిహేను సెకన్లకి రావాలి. ఒక్కటే ఫైల్ దించాలి, జిప్ ఫైలే దించాలి. మామూలు టెక్స్ట్ ఫైల్‌ని మోసేటప్పుడు మధ్యలో కుదిస్తారు కాబట్టి ఒక్క ఛానెల్ మీద కూడా అంకెలు పెద్దవిగా కనిపించి మిమ్మల్ని మభ్యపెడతాయి.

ఇక్కడే అసలు గొడవ ఒకటుంది. డౌన్‌లోడ్ కిటికీలో సెకనుకి 14, 15 కేబీ అని వస్తుంది. అది చూసి "128 అన్నారు, 15 కూడా రావట్లేదు" అని ఎక్స్ఛేంజీకి వెళ్ళి అరిచినవాళ్ళు నాకు తెలుసు. లైన్ కొలత బిట్లలో, కిటికీ కొలత బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 128ని ఎనిమిదితో భాగిస్తే 16, దారి ఖర్చులు పోను 14 నుంచి 15. ఒక్క ఛానెల్ అయితే 7 నుంచి 7.5. ఈ రెండు అంకెలు గోడ మీద రాసుకోండి. 7 దగ్గర ఆగిందంటే చాలావరకు రెండోది కలవలేదన్నమాటే. 14 వచ్చిందంటే మీ పని అయిపోయింది, టీ తాగండి.

మరి 11 దగ్గర ఆగితే?

నరసాపురం ఆఫీసుకి వెళ్ళినప్పుడు అదే జరిగింది. స్టేటస్‌లో 128 ఉంది, మల్టీలింక్ ఆన్‌లో ఉంది, అటు కంపెనీవాళ్ళు రెండు కాల్స్ కనిపిస్తున్నాయన్నారు. ఫైల్ మాత్రం సెకనుకి 11 కేబీ దాటట్లేదు. ఒకసారి కాదు, ఎన్నిసార్లు చూసినా గీత గీసినట్టు 11. ఆ ఆఫీసు చూసుకునే అమ్మాయి, "లైన్ బాలేదంటారా మావయ్యగారూ?" అంది. లైన్ బాగోకపోతే అంకె ఎగిరి దూకుతుంది, ఇలా ఒకేచోట కూర్చోదు. టేబుల్ వెనక్కి వంగి చూశాను. అడాప్టర్ నుంచి కంప్యూటర్‌కి తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్. ఆ పోర్టు 115200 దగ్గర ఆగుతుంది, పైగా ఒక్కో బైటుకి పది బిట్లు తినేస్తుంది. లెక్క వేస్తే సెకనుకి పదకొండున్నర కేబీ. రెండు తూములు ఎత్తినా చేలోకి వెళ్ళే బోదె సన్నగా ఉంటే అంతే పారుతుంది కదా.

"దీనితో పాటు ఇంకో తీగేమైనా వచ్చిందామ్మా?" అంటే, బీరువాలోంచి డబ్బా తీసింది. యూఎస్‌బీ కేబుల్ కవరు కూడా విప్పకుండా అందులోనే ఉంది. అది తగిలించి, డ్రైవర్ వేసి, అదే స్కానింగు ఫైల్ మళ్ళీ పంపితే పద్నాలుగున్నర. అందుకే యూఎస్‌బీది కొనమన్నాను. లోపలి కార్డుకి ఈ బెడద లేదు.

ఇంకా తరచుగా వచ్చే తప్పులు

మొదటిది కలుస్తుంది, రెండోది ఎర్రర్ 691 అంటుంది. పాస్‌వర్డ్ తప్పు అని దాని అర్థం. కానీ మొదటి కాల్ అదే పాస్‌వర్డ్‌తో కలిసింది కదా! కాబట్టి పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ కొట్టకండి. అకౌంట్‌కి ఒక్క లాగిన్ పరిమితి ఉన్నట్టే అనుకోండి, మొదటి మెట్టులో రెండో ప్రశ్న మళ్ళీ అడగండి.

రెండోది ఎర్రర్ 676 అంటుంది. అటు లైన్లన్నీ బిజీ. ఇంటర్ ఫలితాల రోజు మధ్యాహ్నం ఇది మామూలే. ఆ రోజు ఒక్క ఛానెల్ దొరికినా దక్కిందనుకుని, ఫలితాల పేజీ ఒక్కటే తెరిచి హాల్ టికెట్ నంబర్లు వరసగా కొట్టుకోండి. బొమ్మలు రాకుండా బ్రౌజర్‌లో ఆపేస్తే రెండో ఛానెల్ వచ్చినంత పని.

ఒకసారి కలుస్తుంది, ఒకసారి కలవదు. సెట్టింగులు ఏమీ మార్చలేదు. పట్టుకోవడం కష్టమైనది ఇదే. కంపెనీ దగ్గర కాల్స్ అందుకునే పెట్టెలు రెండు మూడు ఉండొచ్చు. మీ మొదటి కాల్ ఒక పెట్టెలో, రెండోది ఇంకో పెట్టెలో పడితే, ఆ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా పెట్టి ఉంటే తప్ప తాడు పేనడం కుదరదు. మీరు చేయగలిగింది, కలిసిన రోజూ కలవని రోజూ టైములతో రాసి (కాగితం ఇందుకే) వాళ్ళ టెక్నికల్ మనిషికి ఇవ్వడం. "రెండో కాల్ వేరే సర్వర్‌కి వెళ్తోందేమో చూడండి" అని ఆ మాటే వాడండి. వినేవాడు నిటారుగా కూర్చుంటాడు.

మధ్యాహ్నం పూట స్పీడ్ సగానికి పడిపోతుంది. ముందు ఇంట్లో ఎవరు ఫోన్ మాట్లాడుతున్నారో చూడండి. ఎన్‌టీ1కి తగిలించిన ఫోన్ సంగతి ఇందాక చెప్పాను. ఇంకోవైపు, రెండు ఛానెళ్ళూ నెట్‌లో ఉంటే మీకు ఫోన్ చేసేవాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. ఫోన్ మీద వ్యాపారం నడిచేవాళ్ళు షాపు టైములో ఒక ఛానెల్ ఫోన్‌కి వదిలేసి, రాత్రి రెండూ కలుపుకోవడం మేలు.

ఒక ఫైల్ 7 దగ్గరే ఉంటుంది, రెండు ఫైళ్ళు ఒకేసారి దించితే కలిపి 14 వస్తుంది. అప్పుడు మీ లైన్ బాగానే కలిసింది. ఆ సైట్ ఇవ్వడమే నెమ్మదిగా ఇస్తోంది. ఇంకో సైట్ నుంచి చూసుకోండి.

బిల్లు కథ

ఇది నా షాపులోనే జరిగింది. కొత్తగా రౌటర్ పెట్టి, మల్టీలింక్ ఆన్ చేసి, రెండో ఛానెల్ ఇంకా ఒప్పుకోలేదని తెలిసి కూడా "రేపు కంపెనీకి చెప్దాం" అని షట్టర్ వేసి వెళ్ళిపోయాను. ఒక సిస్టమ్‌లో ఏదో పెద్ద డౌన్‌లోడ్ పెట్టి ఉంది. రౌటర్ ఏం చేసిందంటే, మొదటి ఛానెల్ నిండిందని రెండోది డయల్ చేసింది. అటు కాల్ ఎత్తారు, లాగిన్ చూశారు, తోసేశారు. రౌటర్ కాసేపు ఆగి మళ్ళీ డయల్ చేసింది. మళ్ళీ ఎత్తారు, తోసేశారు. తెల్లవార్లూ అదే పని.

తోసేసినా కాల్ కలిసినట్టే. ఎత్తిన ప్రతిసారీ మీటర్ ఒకటి పడుతుంది. తర్వాత బిల్లు చూస్తే మామూలుగా వచ్చేదానికి మూడింతలు. ఎక్స్ఛేంజీ వాళ్ళ మీద అనుమానపడి, రౌటర్‌లో రికార్డు తెరిచి చూసేసరికి ఒకే నంబర్‌కి పేజీల కొద్దీ చిన్న చిన్న కాల్స్. నోరు మూసుకుని కట్టాను.

కాబట్టి:

- రీడయల్ సంఖ్య మూడుకి మించి పెట్టకండి. రౌటర్‌లో "ఎప్పటికీ ప్రయత్నించు" అన్నట్టు ఉంటే తీసేయండి.
- వాడకం లేకపోతే తెగిపోయే టైమ్ తప్పకుండా పెట్టండి, ఐదు నిమిషాలు చాలు.
- మెయిల్ ప్రోగ్రామ్ పది నిమిషాలకోసారి తనే మెయిల్ చూసుకునేలా ఉంటే ఆ ఐదు నిమిషాల లెక్క వృథా. రాత్రంతా తనే డయల్ చేసుకుని, చూసుకుని, తెంపుకుంటూ ఉంటుంది. ఆ టిక్ తీసేయండి. వైరస్ ప్రోగ్రామ్ ఆటోమేటిక్ అప్‌డేట్ కూడా అంతే.
- షాపు మూసేటప్పుడు రౌటర్ స్విచ్ ఆపండి. ఇది నేను ఇప్పుడు ఫ్యాను ఆపినట్టే ఆపుతున్నాను.

వానాకాలం

మన లంకల్లో లైన్ సగం తాటిచెట్ల మధ్యా కొబ్బరితోటల మధ్యా స్తంభాల మీద వస్తుంది. వాన పడితే జాయింట్లలో చెమ్మ చేరుతుంది, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది. మామూలు ఫోన్‌లో అయితే గరగర వినపడి మనకే తెలిసేది. డిజిటల్ లైన్‌లో గరగర ఉండదు. మాట శుభ్రంగా వినపడుతూనే ఉంటుంది, ఒక స్థాయి దాటాక టక్కున తెగుతుంది. ఎన్‌టీ1 మీద లైన్ దీపం ఆరి వెలుగుతూ ఉంటే కంప్యూటర్‌లో ఏమీ వెతకకండి, తప్పు తీగలో ఉంది. రెండు ఛానెళ్ళూ ఒకే జంట తీగ మీద వస్తాయి కాబట్టి తీగ పాడైతే రెండూ కలిసే పోతాయి. ఒక్కటే పోతూ ఉంటే అది తీగ తప్పు కాదు, పైన చెప్పిన లాగిన్, బిజీ సంగతులు చూడండి.

లైన్‌మన్ వచ్చినప్పుడు "నెట్ రావట్లేదు" అని చెప్పకండి. ఫోన్ ఎత్తి చూసి "టోన్ వస్తోంది కదండీ" అని వెళ్ళిపోతాడు. "ఎన్‌టీ దీపం ఫలానా టైములో ఆరిపోతోంది, వాన పడ్డాక ఎక్కువ" అని చెప్పండి, స్తంభం దగ్గర జాయింట్ విప్పి చూడమనండి. ఎక్స్ఛేంజీకి ఐదు కిలోమీటర్ల లోపు ఉంటేనే ఈ లైన్ నిలకడగా నడుస్తుంది. అంతకంటే దూరం ఊళ్ళవాళ్ళు డబ్బు కట్టే ముందే ఆ మాట అడిగి కట్టండి.

మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవక ముందే ఎన్‌టీ1కి కరెంటు ప్లగ్గుతో పాటు లైన్ తీగ కూడా పీకేయండి. కరెంటు ఒక్కటే పీకి ధీమాగా కూర్చున్న ఇద్దరికి కార్డులు కాలిపోయాయి. పిడుగు వచ్చింది టెలిఫోన్ తీగ వెంట.